పెద్ద మడుగు సంగతి: ఆదివారం కూర్చునే ముందు ఒకసారి చదవండి



ఈసారి రాసేది మిర్చి రేటు గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. చేపల గురించి. చెరువులో సంఘం వాళ్లు వేసే సీడు గురించి కూడా కాదు. ఎవరూ పిల్లలు వెయ్యకుండా, ఎవరూ తవుడు చల్లకుండా మన మున్నేట్లో వాటంతట అవే పుట్టి పెరిగే చేపల గురించి. పోస్టు పొడుగు అవుతుంది, ముందే చెబుతున్నా. మోటరు పెట్టి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

సంగతి మీలో సగం మందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు పెద్ద మడుగు ఒడ్డునున్న మా ఆరుగురి పొలాల్లో ఇసుక మేట వేసింది. నాకున్న మూడెకరాల్లో ఎకరం పది గుంటలు ఇసుక కిందికి పోయింది. ఆ మేట తీసుకుపోతాను, మీకు పైసా ఖర్చు లేకుండా పొలం చదును చేసి ఇస్తాను, పైన ఒక్కొక్కరికి లక్ష రూపాయలు ఇస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆయన తెచ్చిన కాగితంలో మా సర్వే నంబర్లతో పాటు "ఆనుకుని ఉన్న వాగు భాగం" అని ఒక ముక్క ఉంది. ఆ ముక్కంటే ఏంది? పెద్ద మడుగే. ఆరుగురిలో నలుగురు సంతకానికి సిద్ధంగా ఉన్నారు. ఒకాయన ఊగుతున్నాడు. మిగిలింది నేను. ఆదివారం ఊళ్లో కూర్చుంటున్నాం.

నాకు లక్ష అవసరం లేదని ఎవరూ అనుకోవద్దు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడు మిర్చి మీద పోయిన డబ్బు ఇంకా పూడలేదు. మా ఇంట్లోవాళ్ల గాజులు బ్యాంకులో ఉన్నాయి, వడ్డీ కట్టి తిరగరాయించుకొస్తున్నా. కాబట్టి ఇది కడుపు నిండినవాడి మాట కాదు.

మడుగు అంటే మనకు చిన్నప్పటి నుంచీ చూసే నీళ్లగుంత, అంతే అనిపిస్తుంది. కొంచెం ఆలోచించండి. పాఖాల కాడ బయలుదేరి కృష్ణలో కలిసే దాకా మున్నేరు ఎండాకాలంలో ఎక్కడికక్కడ తెగిపోతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి ఇసుక తప్ప ఏమీ కనపడదు. అప్పుడు చేపలన్నీ ఎక్కడికి పోతాయి? మడుగుల్లోకే. ఆ రెండు నెలలు మడుగులో బతికిన చేపే వానాకాలంలో మళ్లీ వాగంతా నిండుతుంది. రైతు భాషలో చెప్పాలంటే అది వాగుకు విత్తనాల గది. ఊరి ఇళ్లన్నీ తగలబడినా విత్తనాల బస్తా ఒకటి మిగిలితే మళ్లీ సాగు చేసుకోవచ్చు. ఆ బస్తానే అమ్ముకుంటే ఇగ చేసేదేముంది.

మా చిన్నతనంలో ఈ మడుగులో ఏమేముండేవో మా పిల్లలకు చెబితే కథ చెబుతున్నాననుకుంటారు. కొరమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, జెల్లలు, వాలుగ, గొరక, ఇసుకలో దూరి కళ్లు మాత్రం బయటపెట్టే ఇసుక దొందు, బొమ్మిడాయిలు, మనవైపు కొందరు పాపెరలంటారు. పరకల సంగతి చెప్పక్కర్లేదు, కాళ్లు నీళ్లలో పెడితే వచ్చి పొడిచేవి. వాలుగ అయితే మనిషి పొడవు పెరిగే చేప. ఇప్పుడు అది ప్రపంచం మొత్తం మీదే ముప్పులో ఉన్న చేపల లెక్కలో పడింది. మా నాయిన చిక్కుడు పందిరి గుంజల మధ్య దండెం కట్టి పరకలు ఎండేసేవాడు. ఆ ఎండు పరకలే వానాకాలం నాట్లకు కూలీలకు కూర. మార్కెట్లో కొన్నది ఏదీ లేదు.

ఇప్పుడు మడుగులో కొరమీను ఉంది, పరకలున్నాయి, జెల్లలున్నాయి. వాలుగను నేను చూసి పదేళ్లు దాటింది. అంటే సగం పోయింది, సగం ఉంది. ఆ ఉన్న సగం కోసమే ఈ రాత.

మృగశిర కార్తె మాట తీసుకుందాం. జూన్ 8న మృగశిర రాగానే ఇంటింటా చేప ఉండాల్సిందే. హైదరాబాద్‌లో ఉబ్బసానికి వేసే చేప మందు కూడా ఆ రోజే, అదీ బతికున్న కొరమీను పిల్లతోనే. తినడం తప్పని నేను అనను, నేనూ తింటాను, చింతచిగురు వేసి వండితే రెండు ముద్దలు ఎక్కువే తింటాను. కానీ ఆ రోజుల్లోనే చేప ఏ స్థితిలో ఉంటుందో మనకు తెలియంది కాదు. తొలకరి పడి ఎర్రనీళ్లు దిగగానే చేప ఎదురెక్కుతుంది. మడుగులో నుంచి వాగుకు, వాగులో నుంచి ఒర్రెలకు, ఒర్రెల్లో నుంచి మన వరి మడులకు. మడి గట్టు తెగిన కాడ రాత్రిపూట టార్చిలైటు వేస్తే పరకలు వెండి లెక్క ఎగురుతుంటాయి. అవి సరదాకు ఎక్కవు. గుడ్లతో ఉన్నాయి. పల్చటి వెచ్చటి నీళ్లు, కొత్తగా మునిగిన గడ్డి వాటికి కావాలి. అక్కడ గుడ్డు పెడితే ఒక్క రోజుకే పిల్ల అవుతుంది. మన పొలంలో పురుగు తిని పెరిగి, నీళ్లు తీసేటప్పటికి మళ్లీ వాగులోకి దిగిపోతుంది.

ఆ ఎదురెక్కే దారిలో మనం ఏం పెడుతున్నాం? ఒర్రెకు అడ్డంగా దోమతెర. ఊత, గాలం, మావు పెట్టినప్పుడు పెద్దచేప పడేది, పిల్ల పోయేది. దోమతెరలో నీళ్లు తప్ప ఏదీ పోదు. బకెట్ నిండా వచ్చిన దాంట్లో సగం గుడ్లతో ఉన్న పరకలు, సగం వేలి గోరంత పిల్లలు. పిల్లల్ని కోళ్లకు వేస్తారు. విత్తనం కోసం దాచిన వడ్లు దంచుకుని తిన్నట్టే ఇది.

సముద్రంలో మన తూర్పు తీరం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట బంద్ చేస్తారు. ఎందుకు? చేప గుడ్లు పెట్టే కాలమని. అంత పెద్ద సముద్రానికే విరామం కావాలంటే, మన వాగు ఎంత.

కొరమీను సంగతి ఇంకో రకం. రోహు, బొచ్చె లాంటివి కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెట్టి నీటికి వదిలేసిపోతాయి. ఎన్ని బతుకుతాయో వాటి రాత. కొరమీను అలా కాదు. దాని గుడ్లు కొన్ని వేలే. అందుకే కాపలా కాస్తుంది. తుంగలోనో, జమ్ములోనో గడ్డి పక్కకు నెట్టి గిన్నె లెక్క చోటు చేసుకుని అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్లలు అయ్యాక ఎర్రగా, నారింజ రంగులో ముద్దలాగా కలిసి తిరుగుతాయి. ఆ ముద్ద నీటి మీదికి వచ్చి గాలి పీల్చి దిగినప్పుడు పైన చినుకులు పడ్డట్టు ఉంటుంది. కింద తల్లో తండ్రో ఉంటుంది, ఎక్కువగా తండ్రే అంటారు తెలిసినవాళ్లు. కప్ప వచ్చినా, పాము వచ్చినా మీద పడుతుంది.

ఆ కాపలా గుణమే దానికి చావు తెస్తోంది. మన పోరగాళ్లకు ఈ కిటుకు తెలిసిపోయింది. ఎర్ర ముద్ద ఎక్కడుందో చూస్తారు, గాలానికి కప్పను గుచ్చి ఆ ముద్ద మీద వేస్తారు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొరమీను ఆకలి లేకపోయినా కొరుకుతుంది. అరగంటలో తల్లీ తండ్రీ రెండూ సంచిలో పడతాయి. ఇగ ఆ వేల పిల్లలు సాయంత్రానికి మిగతా చేపలకు, నీటికోళ్లకు తిండి. కిలో నాలుగైదు వందలు పలికే చేపను రెండు కిలోలు పట్టామని సంబరపడతాం. పోయింది ఎంతో లెక్క వేసుకునేవాడు లేడు. తెలంగాణకు రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నది ఈ కొరమీనుకే. పాఠశాల పుస్తకంలో పేరు రాసుకుంటే సరిపోదు కదా.

కరెంటు పెట్టడం గురించి ఎక్కువ రాయను. అందరికీ తెలుసు, అందరూ చూసీ చూడనట్టు పోతున్నారు. మోటరు స్టార్టర్ డబ్బాలో నుంచి వైరు లాగి వెదురు కర్రకు కట్టి నీళ్లలో ముంచడమే. పెద్దది, చిన్నది, గుడ్డు, కప్ప, ఎండ్రకాయ, అన్నీ ఒకటే దెబ్బకు పోతాయి. మనుషులు కూడా పోతున్నారు. ఏ వానాకాలమూ పేపర్లో ఆ వార్త లేకుండా దాటదు. ఇరవై రెండేళ్ల పిల్లాడు చెప్పుల్లేకుండా తడి ఇసుకలో నిలబడి చేతిలో లైవు వైరు పట్టుకుంటే ఏమవుతుందో వాళ్లమ్మకు ఎవరు చెప్పాలి. ఇంకొందరు బ్లీచింగు పౌడరు, ఇంకొందరు బావుల తోటాలు. బాంబు పెట్టి, విషం కలిపి చేపలు పట్టడం నేరమని 1897లోనే చట్టం చేశారు. రెండు నెలల జైలు, 200 రూపాయల జరిమానా అని రాశారు. ఆనాడు 200 అంటే రెండెద్దులు వచ్చేవేమో. ఈనాడు ఒక పూట కూలి కూడా కాదు. కాబట్టి చట్టాన్ని నమ్ముకుని కూర్చుంటే కాదు, మన ఊళ్లో మన మాటే నడవాలి.

ఇగ మన వంతు. రైతుగా రాస్తున్నా కాబట్టి రైతుల్నే అడుగుతా. మందు కలిపే డ్రమ్ము మీరు ఎక్కడ పెడుతున్నారు? చాలామంది వాగు అంచున. నీళ్లు దగ్గర, మోయక్కర్లేదు. కలిపేటప్పుడు ఒలికింది వాగులోకి, కడిగిన నీళ్లు వాగులోకి, ఖాళీ డబ్బా కూడా వాగులోకి. మీరు ఒక విషయం గమనించండి. మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలు ఉంటాయి కదా. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెప్పడానికి పెట్టింది. చేపకు ఎంత విషమో ఆ రంగు చెప్పదు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి మందులు మన మిర్చికీ పత్తికీ అలవాటైనవి. మనిషికి వాటి కన్నా ప్రమాదమైనవి వేరే ఉన్నాయి. చేపకు మాత్రం వీటి చుక్క చాలు. నీలం రంగే కదా, ఏం కాదులే అని స్ప్రేయరు మడుగులో ముంచి కడిగితే ఆ పూట అక్కడ చేప పిల్ల మిగలదు. మందు కొట్టొద్దని నేను చెప్పను, నేనూ కొడతాను. మా చేనుకాడ డ్రమ్ము వాగుకు యాభై అడుగులు ఎడంగా గట్టు పైన పెట్టి, పైపుతో నీళ్లు తెచ్చుకుంటున్నా. కడిగిన నీళ్లు మళ్లీ స్ప్రేయరులోనే పోసి అదే చేను చివరి సాలుకు కొట్టేస్తా. దీనికి అదనంగా పట్టేది పావుగంట, అంతే.

వరద తెచ్చిన ఇంకో చిక్కు చెప్పాలి. ఆ వరదకు పైనున్న చెరువులు, కుంటలు తెగాయి. వాటిలో ఉన్న చేపలన్నీ మున్నేట్లోకే వచ్చాయి. జిలేబి చేప, అదే తిలాపియా, మన దేశానికి 1952లో తెచ్చారు. ఇప్పుడు అది లేని నీళ్లు లేవు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అయితే ఇంకా ఘోరం. దాన్ని పెంచొద్దని 2000 సంవత్సరంలోనే కేంద్రం నిషేధించినా దొంగచాటుగా పెంచేవాళ్లు ఉన్నారు. కోళ్ల వ్యర్థాలు వేసి పెంచుతారు, పరకా పిల్లా కప్పా ఏదీ వదలదు. మన మార్పు చేపకు చుట్టం లాగే మీసాలతో ఉంటుంది కాబట్టి చాలామంది గుర్తుపట్టరు. మన మార్పు చిన్నది, అరకిలో అయితేనే గొప్ప. రెండు మూడు కిలోల మార్పు వలలో పడిందంటే అది మనది కాదనుకోండి. దాన్ని మాత్రం జాలిపడి మళ్లీ నీళ్లలో వదలొద్దు. మన మంచినీటి బావిలో దోమల కోసమని ఏ చేప తెచ్చి వేసినా, అక్వేరియం చేప పెద్దదైందని వాగులో వదిలినా అదే పని. పుణ్యం అనుకుని చేస్తారు, వాగుకు మాత్రం పాపమే.

ఇసుకాయన చెప్పే మాట ఒకటుంది. "ఇసుక తీస్తే మడుగు లోతు అవుతుంది, నీళ్లు ఎక్కువ ఆగుతాయి, చేపలకూ మంచిదే కదా" అంటున్నాడు. నలుగురు మెత్తబడింది ఈ మాటకే. నేను కూడా మొదట నిజమేనేమో అనుకుని, మన గంగపుత్రుల్లో పెద్దమనిషి ఒకాయన్ని అడిగాను. ఆయన్ని మామా అని పిలుస్తాను. డెబ్బై దాటిన మనిషి, మడుగులో ఏ రాయి ఎక్కడుందో కాలితో చెబుతాడు. ఆయన అన్నది ఇది:

"అల్లుడా, లోతు అయితది, నేను కాదనను. గని మిషన్ తోటి నిలువునా కోసిన గుంతల చేప గుడ్డు పెడతదా? దానికి ఒడ్డు కావాలె, ఏరుమద్ది వేర్లు కావాలె, తుంగ కావాలె, మోకాలు లోతు నీళ్లు కావాలె. ఇంకోటి, ఈ మడుగుల నీళ్లు ఎందుకు నిలుస్తున్నయి అనుకున్నవ్? కింద బండ మీద ఇసుక గడ్డ ఉన్నది గదా, అది అడ్డం ఉన్నది కాబట్టి నిలుస్తున్నయి. వాళ్లు ముందు కోసేది దాన్నే. లారీ దిగాలె గదా."

లారీ దిగాలి కదా అన్న మాట నాకు తట్టనే లేదు. పోయి చూశాను. నిజమే. మడుగులోకి బండి దిగే దారి ఒక్కటే, ఆ గడ్డ మీదుగానే. దాన్ని కోస్తే మడుగు అడుగు నుంచి నీళ్లు జారిపోతాయి. తర్వాత ఎంత లోతు తవ్వినా అది ఫిబ్రవరికే ఎండే గుంత. పైవైపు కూడా వాగు అడుగు కోసుకుంటూ పోతుంది. ఇసుక తగ్గితే దాన్ని ఆనుకున్న మన బోర్లు, బావులు ఎక్కడికి పోతాయో నాకన్నా మీకే బాగా తెలుసు. నా బోరు మడుగుకు రెండు వందల గజాల్లో ఉంది, ఏప్రిల్లో కూడా రెండించుల నీళ్లు పోస్తుంది. పైఊళ్లో ఇసుక తీసిన కాడ అదే లోతు బోరు మార్చిలోనే గాలి కక్కుతోంది. భూగర్భజలం దెబ్బతినే చోట ఇసుక తీయొద్దని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెప్పేది కూడా ఇదే. లక్ష తీసుకుని కొత్త బోరు వేయిస్తే ఆ లక్ష దానికే చాలదు. చేప సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరడం లేదు.

చెక్ డ్యాముల మీద కూడా ఒక మాట. నీళ్లు ఆగాయి, సంతోషం, నేను వ్యతిరేకం కాదు. కానీ నిలువు గోడ చేప ఎక్కలేదు. గోదావరి పులస సంగతి అందరికీ తెలిసిందే. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, వరదకు ఎదురీది గోదావరిలోకి వస్తే పులస, పుస్తెలమ్మైనా తినాలంటారు. ఆ చేప 1852లో ధవళేశ్వరం కాడ ఆనకట్ట పూర్తయ్యాక దాని కిందనే ఆగిపోవాల్సి వచ్చింది. ఆ ఆనకట్ట లక్షల ఎకరాలకు అన్నం పెట్టింది, అది వేరే విషయం. కానీ చేపకు దారి వదలాలన్న సంగతి ఆ రోజుల్లోనే తెలిసినవాళ్లున్నారు. ఫ్రాన్సిస్ డే అనే దొర 1873లో మన దేశపు మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి ఇచ్చిన రిపోర్టులో ఆనకట్టల వల్ల, సన్న కన్ను వలల వల్ల చేప పోతోందని మొత్తుకున్నాడు. నూటయాభై ఏళ్లు దాటింది. మన ఊరి చెక్ డ్యాం పులసకు అడ్డం రాలేదు గానీ, పరకకూ జెల్లకూ అదే ధవళేశ్వరం. గోడకు కిందివైపు ఒక మూల పెద్ద రాళ్లు వాలుగా పేర్చి, నీళ్లు వాటి సందుల్లో నుంచి మెల్లగా దిగేలా చేస్తే చిన్న చేప ఆగి ఆగి ఎక్కుతుంది. నాలుగు ట్రాక్టర్ల రాయి, రెండు రోజుల పని. పొలం చదును చేసేటప్పుడు మేము ఏరి గట్టున వేసిన రాళ్లే సరిపోతాయి.

ఊరు నిలబడితే ఏమవుతుందో చూపించడానికి రాజస్థాన్ ముచ్చట ఒకటి. అల్వార్ జిల్లాలో అర్వరి అనే చిన్న నది. మనకన్నా వాన తక్కువ పడే ఎండు ప్రాంతం. అక్కడ రాజేంద్ర సింగ్ గారి తరుణ్ భారత్ సంఘ్ ఊళ్లవాళ్లతో కలిసి 1985 తర్వాత జోహడ్లు, అంటే మన కుంటల్లాంటి మట్టికట్టలు, వందల కొద్దీ కట్టింది. పదేళ్లకు ఎండిన నది పారడం మొదలుపెట్టింది. నీళ్లు రాగానే చేప వచ్చింది. చేప రాగానే కాంట్రాక్టరు వచ్చాడు. నది మాది, చేపలు మావి అని సర్కారు వేటకు కాంట్రాక్టు ఇచ్చేసింది. ఊళ్లవాళ్లు ఒప్పుకోలేదు, అడ్డం కూర్చున్నారు, చివరికి కాంట్రాక్టు రద్దయింది. 1999లో దాదాపు డెబ్బై ఊళ్లు కలిసి నది కోసమే ఒక పార్లమెంటు లాంటిది పెట్టుకున్నాయి. ఏ పంట వెయ్యాలి, నీళ్లు ఎంత తోడాలి, చేప ముట్టాలా వద్దా అన్నీ అక్కడే మాట్లాడుకున్నారు. వాళ్లు చదువుకున్నవాళ్లేం కాదు, మనలాంటి వాళ్లే. మనకు డెబ్బై ఊళ్లు అక్కర్లేదు, ఆరుగురు రైతులు, ఒక సంఘం చాలు.

శృంగేరి పోయినవాళ్లు గుడి ముందు తుంగ నదిలో చేపలు చూసే ఉంటారు. మా ఇంట్లోవాళ్లతో పోయినప్పుడు చూశాను, మరమరాలు వేస్తే మోచేతి పొడవు చేపలు వచ్చి మూతులు పెడతాయి. మెట్ల కాడ నీళ్లలో నిలబడితే కాళ్లకు తగిలి పోతాయి. అక్కడ ఎవరూ వల వెయ్యరు. పోలీసు లేడు, బోర్డు చూసి భయపడేవాడూ లేడు. అమ్మవారి చేప అని అందరూ అనుకున్నారు, అంతే. అదే నదిలో నాలుగు మైళ్లు పోతే చేప పట్టుకునేవాళ్లు ఉంటారు. ఒక్క చోట వదిలారు కాబట్టి చుట్టుపక్కల కూడా చేప ఉంటుంది.

నేను ఆదివారం అడగబోయేవి ఇవి. మడుగు, దాని కింది ఇసుక గడ్డ, పైన ఏరుమద్ది చెట్ల దాకా మిషన్ దిగొద్దు. మా పొలాల్లో మేట మాత్రం తీసుకోనీయండి, కానీ పట్టా హద్దుకు ముందే రాళ్లు పాతి, కాగితంలో ఆ "వాగు భాగం" అన్న ముక్క కొట్టేయించి, బండి మా డొంక మీదుగా పోయేలా. ఆ షరతుకు ఆయన ఒప్పుకుంటే లక్ష కాదు నలభై వేలే ఇస్తాడేమో, నాకు సమ్మతమే. రెండోది, తొలి వరద దిగిన రోజు నుంచి ఆరుద్ర కార్తె వెళ్లే దాకా ఒర్రెల్లో, మడుగులో వల వద్దు, దోమతెర అసలే వద్దు. మృగశిరకు చెరువు చేప కొనుక్కుందాం. ఎర్ర పిల్లల ముద్ద కనిపిస్తే గాలం వెయ్యొద్దు. కరెంటు పెట్టినవాడి పేరు ఎవరైనా ఊళ్లో చెప్పాలి, వాడు నా అన్న కొడుకైనా సరే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వల బతుకుదెరువు అయినవాళ్లను అడగకుండా మనం రైతులం కూర్చుని వల వద్దని తీర్పు చెప్పడం కుదరదు. మనకు చేప కూర, వాళ్లకు అది పంట. నాలుగు వారాలు వల ఆపితే ఆ ఇళ్లు పదకొండు ఉన్నాయి, వాళ్లకు ఆ నాలుగు వారాలు ఏం దొరకాలి అన్నది ముందు తేల్చాలి. ఆ కాలంలో మనకు నాట్ల పనికి మనుషులు దొరకడం లేదు, ట్రాక్టరు పెట్టి పక్క మండలం నుంచి తెచ్చుకుంటున్నాం. ముందు పిలుపు వాళ్లకే ఇద్దాం, కూలి బయటివాళ్లకు ఇచ్చేదే. మామ ఈ మాటకు వెంటనే ఊ అనలేదు. "అడుగుతా" అన్నాడు. ఆదివారం వస్తానన్నాడు.

ఊగుతున్న ఆ ఒకాయన ఈ పోస్టు చూస్తాడని నాకు తెలుసు. బావా, నీ కూతురు పెళ్లి ఉంది, నీకు లక్ష ఎందుకు కావాలో నాకు తెలియంది కాదు. నిన్ను నలుగురిలో తప్పుపట్టను. సంతకం పెట్టే ముందు ఒక్క పని చెయ్యి. శనివారం పొద్దున ఆరు గంటలకు మడుగు పైవైపు తుంగ కాడికి రా. ఈ మధ్య రెండు వానలు పడ్డాయి కదా, అక్కడ ఒక ఎర్ర ముద్ద తిరుగుతోంది, నాలుగు రోజులుగా చూస్తున్నా. ఇసుక గడ్డ ఎక్కడుందో, బండి ఎక్కడ దిగుతుందో కూడా ఇద్దరం నడిచి చూద్దాం. కాగితం జిరాక్సు నా దగ్గరుంది, తెస్తా. చాయ్ ఫ్లాస్కులో పోసుకొస్తా, నువ్వు గాలం మాత్రం తేవద్దు.

మిగతా అందరూ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి చావడి కాడికి రండి. ఎండ ముదరకముందే అయిపోవాలి, పదకొండుకు నాకు కరివేట పని ఉంది.